గేర్‌బాక్స్‌లో ఎర్ర నూనె

కూతురు ఆ కారు కొనేముందు తండ్రిని ఒక్క మాట అడగలేదు. ముప్పై నాలుగేళ్ళు బస్సు డిపోలో ఇంజన్లు విప్పి బిగించిన మనిషి ఇంట్లోనే కూర్చుని ఉంటే అడగలేదు. దాని మీద ఇంట్లో గొడవేం జరగలేదు.  కానీ ఆయన మరిచిపోలేదు.

కారు నల్లది. చూడ్డానికి నాలుగు తలుపులతో గుమాస్తా కారులా వినయంగా ఉంటుంది. లోపల ఆరు సిలిండర్లు, రెండు టర్బోలు. ఏడాది కిందట, ఎవరో వాడి అమ్మితే కొన్నది. ఆమె డయాలసిస్ టెక్నీషియను. ఆసుపత్రి నూట నలభై కిలోమీటర్ల దూరం. ఉదయం ఏడింటికి మొదటి రోగి వచ్చేసరికి మిషన్లు సిద్ధంగా ఉండాలి. రోజూ ఐదింటికల్లా ఇంటి గేటు తీసేది. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఇప్పటికి రెండుసార్లు ఆలస్యమైంది. మూడోసారి ఆలస్యమైతే ఇక రావద్దంటారు.

ఆ శనివారం ఉదయం వంటింటి బల్ల మీద టీ కప్పుల మధ్య కాగితాలు పరిచి ఉన్నాయి. కారు వారంటీ ఆ సాయంత్రంతో అయిపోతుంది. కావాలంటే ఇంకో రెండేళ్ళు పొడిగిస్తారు. తీసుకోవాలా వద్దా అన్నదే మాట.

"ఇందులోకి టర్బోలు వస్తాయి, గేర్‌బాక్స్ వస్తుంది, కంప్యూటర్లు వస్తాయి. టైర్లూ బ్రేకులూ రావు," అని చదివాడు అల్లుడు. అతను లెక్కల మాస్టారు. ఏ కాగితాన్నయినా పెన్ను పట్టుకునే చదువుతాడు. "ఇది గొడుగులాంటిది మావయ్యా. వాన పడాలని ఎవరూ కొనరు."

"పడ్డాక చూడు. మీ గొడుగుకి ఈ చిల్లు ముందునుంచీ ఉందండీ అంటారు వాళ్ళు."

"అందుకేగా చిన్నక్షరాలు కూడా చదువుతున్నాను."

"చదువు. నీ కళ్ళజోడు మార్చాల్సి రావడం తప్ప ఒరిగేదేం లేదు."

కూతురు నవ్వలేదు. "తీసుకుంటున్నాను. నెలకి ఏడు వేల కిలోమీటర్లు తిరిగే బండి. ఏదో ఒకటి పోకుండా ఉండదు. పోయిన రోజున నా చేతిలో కాగితం ఉండాలి."

"కాగితమెందుకు? ఇంట్లో మనిషున్నాడు," అన్నాడు తండ్రి.

ఆమె కప్పు కడిగి బోర్లించింది. అటు తిరిగే, ఏదో మామూలు సంగతిలా అంది. "గురువారం హైవే మీద మధ్య వరసలో ఉండగా లాగడం మానేసింది. ఇంజను అరుస్తోంది, బండి కదలదు. వెనకాల లారీ. వాడు హారన్ కొడుతూనే ఉన్నాడు. ఎలాగో పక్కకి తెచ్చాను. కాసేపు ఆపి మళ్ళీ స్టార్ట్ చేస్తే నడిచింది."

అల్లుడి పెన్ను ఆగింది. "రెండ్రోజులైంది. నాకు చెప్పలేదేం?"

"చెబితే నిన్న వెళ్ళనిచ్చేవాడివా?"

తండ్రి టీ కప్పు కింద పెట్టాడు.  

మూడు వారాల కిందట కూతురూ అల్లుడూ రైల్లో ఒక పెళ్ళికి వెళ్ళారు. కారు ఇంటి దగ్గరే ఉంది. అప్పటికే గేరు మారేటప్పుడు చిన్న కుదుపు వినిపించేది. వర్క్‌షాపు వాళ్ళు కంప్యూటర్ తగిలించి చూసి ఏమీ లేదన్నారు. ఆయన చెవికి ఉంది. నూనె పాతబడిందని తేల్చుకున్నాడు. జాకీలతో బండినెత్తి కింద దూరాడు. ఉన్న నూనె దించేసి, డిపోలో అన్నేళ్ళు పోసిన ఎర్ర నూనె పోశాడు. వేలితో తడిమి మట్టం చూసుకున్నాడు. నేల మీద పడ్డ చుక్కలు కూడా తుడిచేశాడు. కూతురు తిరిగొచ్చి, బండి ఎంత మెత్తగా పోతోందో అంటుంది. అప్పుడు చెబుదామనుకున్నాడు.

ఆమె ఆ మాట అనలేదు. కుదుపు కాస్తా దెబ్బయింది. ఆయన స్పేర్ పార్టుల దుకాణానికి వెళ్ళి, ఎవరి బండి సంగతో అన్నట్టు అడిగాడు. దుకాణదారు నవ్వాడు. "దానికి ఆ నూనేంటి పెద్దాయనా! లోపల ప్లేట్లు కాలిపోవూ? దాని నూనె వేరే. వేడి కొలిచి మరీ పోయాలి. ఎవరా పోసిన మహానుభావుడు?"

"ఎవరో," అన్నాడు ఆయన.

అది జరిగి తొమ్మిది రోజులు. అప్పటినుంచీ గేటు చప్పుడైన ప్రతి తెల్లవారుజామునా ఆయన గొంతు దాకా మాట వచ్చేది. గేటు మూసుకునేది. ఆ తర్వాత మంచినీళ్ళ వంకతో హాల్లోనే తిరిగేవాడు. 'చేరాను' అని ఆమె పంపే కబురు అల్లుడి ఫోన్‌లో మోగేదాకా గ్లాసు నింపేవాడు, పారబోసేవాడు.

పదకొండింటికి తండ్రీకూతుళ్ళు వర్క్‌షాపుకి వెళ్ళారు. అల్లుడు దిద్దాల్సిన పరీక్ష పేపర్లతో ఇంట్లోనే ఉన్నాడు. దారిలో గేరు మారుతూ బండి నాలుగుసార్లు గట్టిగా కుదిపింది. ప్రతిసారీ ఆయన కాళ్ళు, లేని బ్రేకుని తొక్కాయి.

కౌంటరు దగ్గర కుర్చీలు మెత్తగా ఉన్నాయి. గాజు తలుపు అవతల కార్లు గాల్లోకి లేచి ఉన్నాయి. అక్కడి సలహాదారు ఇస్త్రీ మడత నలగని కుర్రవాడు. చేతిలోని టాబ్లెట్ మీద వేలు జరుపుతూ చెప్పాడు. "పెద్ద తప్పులేం చూపించట్లేదు మేడమ్. గేర్‌బాక్స్ వేడెక్కినట్టు రెండుచోట్ల ఉంది. వారంటీ కవర్ తీసుకోండి, బుధవారం విప్పి చూస్తాం. అంతవరకూ నడుపుకోవచ్చు. ఇక్కడో సంతకం, బయట ఎక్కడా విప్పించలేదని."

"లేదండీ. ఇంట్లో మా నాన్నే మెకానిక్కు. ఆయన్ని కూడా చెయ్యి పెట్టనివ్వలేదు." ఆమె పెన్ను అందుకుంది.

బుధవారం విప్పుతారు. విప్పితే ఎర్ర నూనె కారుతుంది. ఆమె సంతకం అబద్ధమవుతుంది. అది బుధవారం సంగతి. మధ్యలో సోమవారం ఉంది, మంగళవారం ఉంది. మధ్య వరస ఉంది, వెనకాల లారీ ఉంది. ఇప్పుడు ఆయన చెయ్యాల్సిందల్లా నోరు మూసుకుని కూర్చోవడం. జీవితమంతా ఆయనకి బాగా వచ్చిన పని అదే.

"ఆగు," అన్నాడు.

ఆమె తలెత్తింది.

"సంతకం పెట్టకు. గేర్‌బాక్స్ నూనె నేను మార్చాను. పోయకూడని నూనె పోశాను."

"ఏంటి నాన్నా?"

"మీరు పెళ్ళికెళ్ళిన రోజు."

కుర్రవాడు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "సార్, మీరు చెప్పారు కాబట్టి నేను రాసుకోవాల్సొస్తుంది."

"రాసుకో. రాసుకోవాలనే చెప్పాను."

ఆమె పెన్ను బల్ల మీద పెట్టి లేచి బయటికి నడిచింది. ఆయన వెంట వెళ్ళాడు. కార్లు కడిగే షెడ్డు పక్కన, పాత టైర్లు పేర్చి ఉన్నచోట, ఆమె ఆగింది.

"పోయకూడని నూనె అని నీకెప్పుడు తెలిసింది?"

"తొమ్మిది రోజులైంది."

"తొమ్మిది రోజులా! తెలిసే పంపావా నన్ను?"

"చెప్పడం చేతకాలేదు."

"ఏం చేతకాలేదు? 'బుజ్జీ, బండి తియ్యకు' అనాలి. అంతే కదా! ఆ మాట అనలేక నన్ను చంపుకునేవాడివా?"

ఆయనకి తప్పుకునే దారి లేదు. ఏడాదిగా దాచుకున్నది బయటికి తీశాడు. "నన్నడిగి కొన్నావా బండి? ఒక్క మాట అడిగావా?"

"అడగలేదు. కావాలనే అడగలేదు. ఎందుకో చెప్పనా?" ఆమె గొంతు పగిలింది. "అమ్మని ఆసుపత్రికి తీసుకెళ్ళిన రోజు నీ పాత కారు వంతెన మీద ఆగింది. అంబులెన్సు పిలుస్తానన్నాను. ఐదు నిమిషాలు ఆగన్నావు. మళ్ళీ అడిగాను. ఐదే నిమిషాలన్నావు. యాభై నిమిషాలు నాన్నా! అమ్మ తల నా ఒళ్ళో ఉంది. ఆయనేడీ, ఆయనేడీ అని అడుగుతూనే ఉంది. నువ్వు బానెట్ కింద ఉన్నావు. ఒక్కసారి వెనక్కొచ్చి తలుపు తీసి అమ్మ మొహం చూశావా? నేను కొనే బండి నీ చేతుల మీద నడవకూడదని ఆ రోజే అనుకున్నాను."

ఆ రోజు గురించి ఆయనకి గుర్తున్నది వేరు. పనిముట్లు లేకుండా, ఒక తీగముక్కతో బండిని లేపి నడిపించాడు. కర్మలన్నీ అయ్యాక డిపోకి వెళ్ళినప్పుడు ఆ సంగతి నలుగురికీ చెప్పాడు కూడా. వాళ్ళు మెచ్చుకున్నారు. వెనక సీట్లో భార్య తన కోసం అడిగిందని ఆరేళ్ళుగా ఆయనకి తెలియదు.

టైర్ల మీద కూలబడ్డాడు. భార్యని సాగనంపిన రోజు రాని ఏడుపు ఇప్పుడొచ్చింది. ఆపుకునే ప్రయత్నం చేశాడు, కాలేదు. కార్లు కడిగేవాడు చూసి నీళ్ళ గొట్టం అటు తిప్పుకున్నాడు.

ఆమె చాలాసేపు నిలబడే ఉంది. తర్వాత పక్కన కూర్చుంది.

"గంట ముందొచ్చినా ఏం చెయ్యలేకపోయేవాళ్ళమన్నాడు డాక్టరు. నాకు ఆ రోజే చెప్పాడు. నీకు చెప్పమన్నాడు కూడా. నేను చెప్పలేదు."

ఆయన తల తిప్పి చూశాడు.

"నువ్వు లోపల కుమిలిపోతున్నావనుకున్నాను. కుమలనీ అనుకున్నాను. ఆరేళ్ళు." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "నేనూ నీ కూతుర్నేగా."

ఆయన చెయ్యి చాపాడు. వేళ్ళ సందుల్లో పోని నలుపు ఉన్న చెయ్యి. ఆమె వెంటనే పట్టుకోలేదు. పట్టుకున్నాక వదల్లేదు.

లోపలికి వెళ్ళాక ఆయన కాగితం అడిగి తీసుకున్నాడు. ఊరి బళ్ళో నేర్చిన గుండ్రటి అక్షరాలతో రాశాడు. నూనె మార్చింది తను, తప్పు తనది, కూతురికి తెలియదు. కింద సంతకం పెట్టాడు. కుర్రవాడు లోపల ఎవరితోనో మాట్లాడి వచ్చాడు. గేర్‌బాక్స్‌కి కవర్ రాదు. ఇంజనుకీ టర్బోలకీ ఇస్తారు.

"ఇవ్వండి," అంది ఆమె. "బండి ఇక్కడే ఉంచుకోండి. బాగయ్యేదాకా తియ్యను."

"మరి సోమవారం?" అన్నాడు తండ్రి.

"రేపు సాయంత్రం బస్సుకి వెళ్ళిపోతాను. నర్సుల హాస్టల్లో మంచం ఖాళీ ఉంది. రెండు వారాలు అక్కడే ఉంటాను."

"గేర్‌బాక్స్ ఖర్చు నాది."

ఆమె కాదనలేదు.

సిటీ బస్సులో ఇంటికొచ్చారు. అల్లుడు గుమ్మంలోనే ఎదురయ్యాడు. "ఏంటి మావయ్యా, కారేది? వారంటీ ఇచ్చారా లేదా?"

ఆయన చెప్పులు విడిచి గోడవారగా పెట్టాడు.

"మీ ఆవిడ చెబుతుంది, విను. చెప్పాల్సిన చోట నేను చెప్పాను, రాసిచ్చాను. బండి సంగతి గానీ, వంతెన సంగతి గానీ ఇక ఈ ఇంట్లో నా ఎదుట ఎత్తొద్దు. నేనూ ఎత్తను."

లోపలికి వెళ్ళి తలుపు దగ్గరికి వేసుకున్నాడు. ఆ తర్వాత ఎవరెంత అడిగినా ఆయన ఆ మాట ఎత్తలేదు.