కిటికీలోంచి వేసిన తువ్వాల

కరోనాకు ముందు కరీంనగర్ బస్టాండ్‌లో సాయంత్రం మా ఊరి బస్సు ఆగీ ఆగకముందే కిటికీల్లోంచి తువ్వాలలు, సంచులు సీట్లలో పడేవి. కరోనా తర్వాత అందరూ మోటారు సైకిళ్లు కొన్నారు. నేనూ కొన్నాను. ఇంకా బస్సెక్కే కొద్దిమందీ సీటుకొకరే కూర్చుని, పక్కన ఎవరూ కూర్చోకుండా సంచి పెట్టుకోవడం నేర్చుకున్నారు.

మొన్న చలికాలంలో బండి చెడిపోయి మళ్లీ ఆ బస్సెక్కాను. పట్టుమని పది మందిమి లేము. కిటికీలోంచి ఒక తువ్వాల వచ్చి నా ముందు సీట్లో పడింది. దాని వెనకే మా ఊరి లస్మవ్వ ఎక్కింది.

"బస్సంత ఖాళీగుంటె తువ్వాలెందుకవ్వా?" అని నవ్వాను.

"మీ తాతకు సారూ. కిటికి పక్కకు కూసోకుంటె ఆయనకు కడుపుల తిప్పుతది."

నా నవ్వు ఆగిపోయింది. ఆమె భర్త హనుమండ్లు కరోనాలో కరీంనగర్ దవాఖానలోనే పోయాడు. శవం ఊరికి రాలేదు.

"ఫోన్ల 'నన్ను తోల్కపోవే' అన్నడు. అప్పుడు బస్సులు బందుండె. ఇప్పుడు బండి మీద తోల్కపోదామంటె, ఆయనకు బస్సు తప్ప తెల్వదు. వారం వారం అస్తున్న. ఎక్కుతలేడు సారూ."

కండక్టర్ మమతారాణి మెల్లగా చెప్పింది. "జనం లేరని రేపటిసంది ఈ బస్సు తీసేస్తుండ్రవ్వా. ఇయ్యాలే ఆఖరు."

లస్మవ్వ తువ్వాలను చేత్తో సాపు చేసింది. "నాకు ఆడోళ్ల జీరో టికెట్ కొట్టు బిడ్డా. ఆయనకు పైసల టికెట్. ఇయ్యాల ఎక్కుతడు."

"ఎక్కకుంటె పైసలు వాపస్ అడగొద్దు మరి," అంది మమతారాణి. నవ్వబోయి, నవ్వలేకపోయింది.

టౌన్ దాటాక మంచు దిగింది. కరోనా శవాలను కాల్చిన ఖాళీ జాగా దగ్గర ఇంజన్ దానంతటదే ఆగింది. తలుపు దగ్గర ఎవరూ లేరు. చలిగాలి లోపలికి వచ్చింది. దాంతోపాటు స్పిరిట్ వాసన... తడి బూడిద వాసన...

తువ్వాల నడుమ కుంగింది.

ఎవరో ఊపిరి లాగారు. గురగురమంటూ... ఆగింది... మళ్లీ లాగారు.

"అచ్చినవా?" లస్మవ్వ గొంతు సంతోషంతో వణికింది. చెయ్యి చాచి ఖాళీ గాలిని పట్టుకుంది.

బస్సు కదిలింది. కొంతదూరం పోయాక ఆమె నా వైపు తిరిగింది. కళ్లనిండా నీళ్లు.

"సారూ... మా ఆయన కాదు..." గుసగుసగా అంది. "గీ చేతికి గాజులున్నయి."

బడిలో నేను చెప్పే కథల్లో దెయ్యానికి ఒక ఊరుంటుంది, ఒక పగ ఉంటుంది. ఆ సీట్లో ఉన్నదానికి ఇల్లు చేరాలన్న ఆశ తప్ప ఇంకేమీ ఉన్నట్టు లేదు. అందుకే ఇంకా భయమేసింది.

మా ఊరొచ్చింది. లస్మవ్వ లేచి రెండడుగులు వేసి, వెనక్కి తిరిగింది. తర్వాత ఖాళీ సీటుతో, "దిగు బిడ్డా. చీకట్ల యాడికి పోతవ్," అంది.

తెల్లారి వాళ్లింటికి పోయాను. ఒంటరిగా బతికే ముసలమ్మ. వాకిట్లో మా దిక్కు ఎవరూ వేయని ముగ్గు ఉంది. లస్మవ్వ గడప మీద కూర్చుని దాన్నే చూస్తోంది.

"పేరు చెప్తలేదు సారూ. ఏ ఊరి బిడ్డనో. నేను గీమెను తోల్కచ్చినట్టు, మా ఆయనను ఎవ్వలన్న వాళ్లింటికి తోల్కపోయి ఉంటరా?"



లోపలి గదిలో పసిపిల్ల కేర్‌మంది.

లస్మవ్వ ముఖం పాలిపోయింది. నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఒక్కతే కదా సారూ... దిగింది?"