తల మిగిలిన పోస్టర్

కైరోలో ఆ రోజు పదకొండింటికి పాత సినిమా పోస్టర్ల వేలం. తొమ్మిదింటికల్లా పోస్టర్‌లో హీరోయిన్ ఒళ్ళు మాయమైంది.

తల ఉంది. పేరు ఉంది. మెడ నుంచి పాదాల దాకా ఎవరో కత్తిరించుకు పోయారు.

పోలీసు మేజర్ నజ్వా వచ్చేసరికి గ్యాలరీ యజమాని వగ్దీ నేరస్తుణ్ణి కూడా సిద్ధం చేసి పెట్టాడు. కాపలా మనిషి తవ్వాబ్. గుండెల దాకా గడ్డం, నుదుటి మీద నమాజు మచ్చ. అప్పటికే కానిస్టేబుల్ బేడీలు వేసేశాడు. భక్తి ముదిరితే ఇంతేనని వగ్దీ తీర్పు కూడా చెప్పేశాడు. ఆ రోజుల్లో అలాంటి కేసులో లోపలికి వెళ్ళినవాడు ఎప్పుడొస్తాడో చెప్పేవాడు లేడు. తవ్వాబ్ తన పిల్లలకి కబురు చెయ్యమని మాత్రం అడిగాడు.

నజ్వా గోడంతా చూసింది. పక్కన ఇంకో రెండు పోస్టర్లు. ఒకదాంట్లో పిస్తోలు పట్టుకున్న మగవాడు, అతని కాళ్ళ దగ్గర గుడ్డపీలికల్లో ఆడది. ఇంకోదాంట్లో స్నానపు తొట్టిలో ఆడది. కథ ఏదైనా బొమ్మ అదే. నజ్వాకి ఒళ్ళు మండింది.

"భక్తుడైతే ఈ తొట్టిని ఎందుకు వదిలాడు?"

నజ్వా కోసిన పోస్టర్ వైపు తిరిగింది.

"ఫ్రేమ్ గ్లాసు పగల్లేదే?"

"నేనే తీశాను. మదాం ఇజ్లాల్ సంతకం కోసం. ఇందులో హీరోయిన్ ఆవిడే. ఎనిమిదిన్నరకి వచ్చింది."

"అప్పుడు ఆవిడ దగ్గర ఎవరున్నారు?"

"ఎవరూ లేరు. నేను కాఫీ చెప్పడానికి వెళ్ళాను." వగ్దీ నవ్వాడు. "తన అందాన్ని తనే కోసుకుంటుందా, మేజర్?"

ఇజ్లాల్ కిటికీ పక్కన కూర్చుని ఉంది. డెబ్బై ఏళ్ళ మనిషి. పొద్దుటి నుంచి ఆవిడకి రెండు కాఫీలిచ్చారు. ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు.

నజ్వా అందర్నీ అక్కడికే పిలిచింది.

"బొమ్మలంటే పడనివాడు ముందు మొహానికే నల్లరంగు పూస్తాడు. వీధుల్లో చూస్తూనే ఉన్నాం. ఇక్కడ మొహం మీద గీత పడలేదు. చుబుకం వెంబడి జాగ్రత్తగా కోశారు. మొహం తమదై, కింద ఒళ్ళు తమది కానివాళ్ళు చేసే పని ఇది."

ఇజ్లాల్ చేతిసంచీ తెరిచి మడిచిన కాగితం తీసింది.

"బేడీలు వేస్తున్నప్పుడే నేనని చెప్పాను. మదాం భలే జోకులేస్తారన్నాడు ఈ వగ్దీ."

వగ్దీ మాట మార్చేశాడు. కేసు వద్దన్నాడు. ఈ కథతో పోస్టర్ రేటు రెట్టింపవుతుందంటూ కాగితానికి చెయ్యి చాచాడు.

"చెయ్యి తియ్యి," అంది ఇజ్లాల్. "ఆ సినిమాలో నేను డాక్టర్ని. మెడ దాకా గుండీలున్న తెల్లకోటు, చివరి సీను దాకా విప్పలేదు. మా నాన్న సినిమా చూడలేదు. వీధిలో ఈ బొమ్మ చూశాడు. పోయేదాకా నాతో మాట్లాడలేదు. ఇలా ఎందుకు వేశావని పెయింటర్‌ని అడిగితే, కోటు వేస్తే టికెట్ ఎవడు కొంటాడన్నాడు."

నజ్వా తవ్వాబ్ బేడీలు తీయించి పెన్ను తీసింది. కేసు వద్దన్నాను కదా అని వగ్దీ మళ్ళీ అన్నాడు.

"వద్దనడానికి నువ్వెవరు?" అని ఇజ్లాల్ నజ్వా వైపు తిరిగింది. "నువ్వు రాయమ్మా. నేనే కోశాను. కానీ ముందు తెల్లకోటు సంగతి రాయి."

నజ్వా ముందు అదే రాసింది.