రెండు చుక్కలు వస్తే వెనక్కి

“సంగీతం నోట్స్ చదవడం వచ్చు కదా?” అని డెనిత్సా అడిగితే, యావోర్ ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా “ఓ, వచ్చు” అనేశాడు.

పచ్చి అబద్ధం. రుసే పట్టణంలోని నాటకశాలలో పియానోలు శ్రుతి చేసేది అతనే. తీగ వెంట్రుకవాసి జారినా అతని చెవి పట్టేస్తుంది. కాగితం మీది సంగీతం మాత్రం చీమలబారులా కనిపిస్తుంది.

మూడు వారాలుగా డెనిత్సా సాధన చేస్తుంటే, ఏదో ఒక పని కల్పించుకుని వింటున్నాడు. ఇవాళ ఆమెకు పరీక్ష. గాయకులకూ వయొలిన్ వాళ్ళకూ తోడుగా పియానో వాయించే ఉద్యోగం. అది రాకపోతే సోమవారం రైలెక్కి వర్నాలో పిన్ని దగ్గరికి వెళ్ళిపోతుంది. పేజీలు తిప్పాల్సిన స్నేహితురాలు జ్వరంతో పడుకుంది. ఇక అతనెలా కాదంటాడు?

“ఇదేంటో చెప్పు.” ఆమె ఒక గుర్తు మీద వేలు పెట్టింది. విల్లులాంటి వంపు, దాని కింద చుక్క.

“కన్ను.”

“నీ మొహం! అక్కడ స్వరాన్ని ఆపి పట్టుకోవాలి. పరీక్షలో వయొలిన్ వాయించే స్పాస్ మాస్టారు కదిలేదాకా నేను కదలను. నువ్వూ కదలకూడదు.”

“నాకు రాదని తెలిసిపోయిందా?”

“పుస్తకం తలకిందులుగా పెట్టావు చూడు, అప్పుడే. గంట టైముంది, కూర్చో.”

విసుక్కుంటూనే మొదలుపెట్టింది. “పి అంటే మెల్లగా. ఎఫ్ అంటే గట్టిగా. ఈ రెండు గీతలు విచ్చుకుంటూ పోతే శబ్దం పెంచాలి.” చెప్పిన ప్రతిదీ వాయించి చూపించింది.

యావోర్ నోరెళ్ళబెట్టాడు. ఇన్నాళ్ళూ తను విని మురిసిపోయినవన్నీ ఇక్కడ రాసే ఉన్నాయి!

“మెల్లగా అంటే ఎంత మెల్లగా?”

“అది కాగితం చెప్పదు. మనమే తేల్చుకోవాలి.”

ఆమె తేల్చుకున్న తీరు అతనికి తెలుసు. ఆ మెత్తదనానికి ఒక్క అక్షరం ఏం సరిపోతుంది?

“అసలు సంగతి ఇది. లావు గీత పక్కన రెండు చుక్కలు. మొదటిసారి ఇక్కడికి రాగానే వెనక పేజీకి తిప్పు, రెండోసారి ముందుకి. తప్పావో, నా కొంప మునుగుతుంది!”

స్పాస్ మాస్టారు డెబ్బై ఏళ్ళ మనిషి. నవ్వని మొహంతో వచ్చి వయొలిన్ ఎత్తారు. బయట వాన. యావోర్ పియానో పక్కన నిలబడ్డాడు. ఒక్కో గుర్తూ కళ్ళముందు వచ్చి దాటిపోతోంది. రెండు చుక్కలు వచ్చాయి. వెనక్కి తిప్పడానికి చెయ్యి చాచాడు.

మాస్టారు వెనక్కి వెళ్ళలేదు!

వయొలిన్ కొత్త స్వరం అందుకుంది. ఆ ఒక్క స్వరంతో యావోర్ పోల్చుకున్నాడు, అది తర్వాతి భాగం. చెయ్యి దిశ మార్చి పేజీ ముందుకి తిప్పేశాడు. డెనిత్సా వేళ్ళు అప్పటికే మాస్టారితో కలిసి ముందుకు సాగుతున్నాయి. ఎక్కడా తడబడలేదు.

వాయిద్యం ఆగింది. “నేను మరిచిపోయాననుకున్నావా?” అన్నారు మాస్టారు. “అందరికీ అక్కడే మెలిక పెడతాను. గాయకులు రోజూ దారి తప్పుతారమ్మా. కాగితాన్ని పట్టుకుని వేలాడేవాళ్ళు నాకెందుకు? సోమవారం పదింటికి పనిలోకి రా.” ఆపైన యావోర్ వైపు తిరిగారు. “చుక్కలు చూసి కూడా ముందుకెందుకు తిప్పావోయ్?”

“ఆ భాగం రోజూ వింటానండీ. పక్కగదిలోంచి.”

“పక్కగదిలో పియానో రోజూ పాడవుతోందా?” అంది డెనిత్సా.

“ఆ గదిలో పియానోనే లేదు.”

మాస్టారు మీసాల్లో నవ్వుకుంటూ కాఫీకి వెళ్ళిపోయారు.

“నువ్వంటే నాకు ప్రాణం, డెనిత్సా. ఎక్కడ వర్నా వెళ్ళిపోతావోనని పొద్దుటి నుంచి ముద్ద దిగలేదు.”

డెనిత్సా కళ్ళు తడిశాయి. “నాకూ దిగలేదు. ఇంటికి పద, అమ్మ జున్ను పెట్టి బానిత్సా రొట్టె చేసింది. వేడిగా తిందాం.”

“నేనెవరని చెప్తావు?”

“నా వాడని చెప్తాను,” అంటూ అతని చెయ్యి పట్టుకుని వానలోకి లాక్కెళ్ళింది.