గోడంత శివాని

“నా ఫోటోలు నావి అన్నందుకు నన్నే దొంగంటాండారమ్మా,” అంటూ ముసలి మదార్ సాహెబ్ లాయరు నోటీసు బల్లమీద పెట్టాడు. వెనక భార్య జులేఖా బీ నిలబడే ఉంది.

కర్నూలులో ప్రైవేటు డిటెక్టివ్ రత్నమణి నోటీసు చదివి సహాయకుడు లేవికి అందించింది. ఒకప్పుడు సాహెబ్ స్టూడియోలో పని నేర్చుకున్న దావీదురాజు ఇప్పుడు హైదరాబాదులో సినిమాతారల ఫోటోగ్రాఫరు. పాత నెగటివ్‌లు శుభ్రం చేయిస్తానని పెట్టె పట్టుకెళ్లి, ఆ ఫోటోలే తనవని ఈ ఊళ్లోనే ప్రదర్శనకు పెట్టాడు. వాటిలో అన్నిటికన్నా పేరొచ్చింది నటి శివాని ఫోటోకి. పైగా సాయంత్రంలోగా సాహెబ్ అందరి ముందూ క్షమాపణ చెప్పాలట, లేకపోతే కోర్టట. లేవికి ఒళ్లు మండిపోయింది.

“నటి శివాని ఫోటో ఎట్ల తీసినారు సాహెబ్?” అని అడిగింది రత్నమణి.

“ఎనభై ఎనిమిదిలో మంత్రాలయం పోతా మా స్టూడియోకొచ్చింది. కరెంటును నమ్ముకునేట్టు లేదు గదమ్మా, ఎప్పుడూ కిటికీ వెలుగులోనే తీస్తాంటి.”

“మొగానికి వెలుగు కొట్టేట్టు నేను తెల్లదుప్పటి పట్టుకుంటాంటి,” అంది జులేఖా బీ మెల్లగా. సాహెబ్ ఆ మాట పట్టించుకోలేదు.

సాయంత్రం సాహెబ్ దంపతులతో రత్నమణి, లేవి వెళ్లేసరికి ప్రదర్శన హాలు నిండిపోయింది. గోడంత శివాని ముఖం ముందు దావీదురాజు శాలువాతో నిలబడి ఉన్నాడు.

“ఇది యాడ తీసినారు సార్?” రత్నమణి మర్యాదగా అడిగింది.

“హైదరాబాదులో, నా స్టూడియోలో. ఎదురుగా రెండు లైట్లకి గొడుగులు తగిలించి తీశాను.”

“గదిలో ఇంకెవరన్నా ఉండిరా?”

“ఆవిడా నేనూ, అంతే. నా బతుకు మార్చిన ఫోటో అండీ, ఎలా మరిచిపోతాను?”

రత్నమణి అందరినీ దగ్గరికి పిలిచింది.

“ఆమె కండ్లల్లోకి చూడండి. ఎదురుగా ఏముంటే అది కంట్లో కనపడతాది. గొడుగులు యాడుండాయి? ఊచల కిటికీ ఉండాది. దాని పక్కన దుప్పటి పట్టుకున్న ఆడమనిషి ఉండాది. చిన్న ఫోటో పెట్టింటే ఎవురికీ తెలిసేది కాదు. గొప్పకు పోయి గోడంత చేయించినారు.”

దావీదురాజు శాలువా సర్దుకున్నాడు. “ఆ పెట్టెలో ఉంటే చెదలు తినేవి. నా పేరుంది కాబట్టే ఇంతమంది చూస్తున్నారు.”

“కాపాడినందుకు దండం పెడతాం,” అంది రత్నమణి కటువుగా. “ఆయన నలభై ఏండ్ల బతుకు మింగి, ఆయన్నే దొంగంటారా? సిగ్గుండాల.”

దావీదురాజు పేరున్న అట్టను లేవి పీకేశాడు. “నా పేరు రాయించమ్మా,” అన్నాడు సాహెబ్ కళ్లు తుడుచుకుంటూ.

“రాయిస్తాం. పక్కన నిలబడినామె పేరు మీరు ఎవురికన్నా చెప్పినారా సాహెబ్?”

ఆయన భార్య కోసం వెనక్కి తిరిగి చూశాడు.

జులేఖా బీ అప్పటికే గోడ దగ్గరికి వెళ్లి, ఆ కంటి కింద నిలబడి పైకి చూస్తోంది.

“ఇన్నేండ్లలో మా ఆయన నన్నొక్క ఫోటో గూడా తీయలేదమ్మా,” అంది. “నేనుండేది దీంట్లోనే.”