నెమరద్దం

చార్మినార్‌ను చూడటానికి జనం చార్మినార్ దగ్గరకు రావడం మానేసి రెండేళ్లయింది. ఇప్పుడు వాళ్లు వస్తున్నది తమ పెద్దవాళ్లను చూసుకోవడానికి. ఎండపూట ఇక్కడ ఫోటో దిగి వెళ్లిన తాతలు కావాల్సినవాళ్లు పగటి టోకెన్ తీసుకుంటారు. రంజాన్ దీపాల కింద ఫోటో దిగిన అమ్మమ్మలు కావాల్సినవాళ్లు రాత్రి టోకెన్ తీసుకుంటారు. వరుస గుల్జార్ హౌజ్ దాటి పత్తర్‌గట్టీ దాకా పాకుతుంది. నేల మీద బండ్లు తిరగడం ఎప్పుడో ఆగిపోయింది గనక వరుసకు అడ్డేమీ లేదు. తలమీద గాలిబండ్లు మాత్రం జోరీగల్లా ముసురుతుంటాయి. చాయ్ అమ్మే మరమనిషి వరుస వెంట తిరుగుతూ, ఎంతసేపు పడుతుందని అడిగినవాళ్లందరికీ 'అయిపోయింది, వచ్చేసింది' అనే ఒక్క జవాబే చెబుతుంటుంది. దానికి ఆ తెలివి ఎవరు నేర్పారోగాని, బాగానే అబ్బింది.

ఇంత సంతకు మూలకారణమైన మనిషి ఆ మధ్యాహ్నం పడమటి తోరణం పక్కనున్న చీకటిగదిలో కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది. ఆమె పేరు మేఖల. వయసు యాభై మూడు. నెమరద్దం ఆమె బృందం కనిపెట్టిందే.

నెమరద్దం అంటే చూడటానికి నిలువెత్తు గాజుపలక. దాని వెనక జరిగే పని మాత్రం గోడలో జరుగుతుంది. గోడకు పూసిన డంగు సున్నంలో ఇసుక ఉంటుంది, ఇసుకలో క్వార్ట్జ్ రేణువులు ఉంటాయి. గోడ ముందు నిలబడ్డ మనిషి మీద పడిన వెలుగు ఎగిరివచ్చి ఆ రేణువులను తాకితే, వాటిలోని ఎలక్ట్రాన్లు కొన్ని చోటు తప్పి, స్ఫటికంలోని గుంటల్లో చిక్కుకుపోతాయి. ఏ రోజు వెలుగు ఆ రోజు పొరగా. మేఖల వాళ్లు దానికి స్మృతికాంతి అని పేరు పెట్టారు. సన్నటి లేజర్‌తో ఆ ఎలక్ట్రాన్లను విడిపిస్తే, దాచుకున్న వెలుగును అవి కక్కేస్తాయి. ఆ వెలుగే గాజుపలక మీద బొమ్మై కదులుతుంది. కొద్ది క్షణాలు, అంతే. ఒకసారి విడిపించాక గుంట ఖాళీ. పిండిన చెరుకును మళ్లీ గానుగలో పెడితే ఏమొస్తుంది, పిప్పే కదా.

యంత్రం ఆ బొమ్మలను దాచుకోకూడదని చట్టం ఉంది. గతంలో ఈ గోడ ముందు నిలబడ్డవాళ్లెవరూ దానికి అనుమతి ఇవ్వలేదు మరి. చట్టం యంత్రం చేతులైతే కట్టేసింది గానీ, మనుషుల చేతుల జోలికి పోలేదు. ఇప్పటి ఫోను అరచేతికి అంటించుకునే తెర. చేయి ఎత్తితే చాలు, ఫోటో.

అక్కడే వచ్చింది చిక్కు. మొదటి నెలలోనే తెలిసిపోయిన సంగతేమిటంటే, గోడలో ఉన్నవన్నీ వీపులు. చార్మినార్ దగ్గరకు వచ్చినవాళ్లంతా చార్మినార్‌కు వీపు తిప్పి ఫోటో దిగారు. గోడ పాపం తనకు కనిపించినదే దాచుకుంది. జడలు, బట్టతలలు, చెమటకు అంటుకున్న చొక్కాలు. అయినా జనం దిగులుపడలేదు. 'అదిగో మా తాత, ఆ మెడ చూడు' అని మురిసిపోయి, వెంటనే ఆ వీపుకు తమ వీపు తిప్పి, అరచేయి పైకెత్తి నవ్వుతారు. తిరిగి చూసేసరికి తాత ఉండడు. మేఖలకు అది చూస్తే ఒళ్లు మండేది. రోజుకు ఎన్నిసార్లు చెప్పేదో, "ముందు చూడండయ్యా, ఫోటో సంగతి తర్వాత," అని. వినేవాడు లేడు.

ఆమె అశాంతికి ఇవాళ ఇంకో కారణం ఉంది. రేపు పొద్దున పడమటి తోరణానికి కొత్త సున్నం పూస్తున్నారు. పాత పూత పెచ్చులు లేస్తోంది, తప్పదు. కొత్త పూత కింద పడ్డాక పాత వెలుగును బయటికి లాగడం ఎవరి వల్లా కాదు. ఆ పాత పూతలో మేఖల వాళ్ల అమ్మ ఉంది. ఉండాలి.

అమ్మ పేరు సీతారత్నం. మేఖలకు ఆరేళ్లు నిండకముందే పోయింది. ఫోటోలన్నీ ఏదో కంపెనీ సర్వర్లలో ఉండేవి. ఆ కంపెనీ మూతపడ్డప్పుడు లక్షల ఇళ్ల ఫోటోలతో పాటు అవీ పోయాయి. కాగితం మీద అచ్చు వేయించినది ఒక్కటే మిగిలింది. ఐదో పుట్టినరోజు సాయంత్రం, చార్మినార్ ముందు, నాన్న పక్కన మేఖల. అందులో అమ్మ లేదు. పడమటి ఎండకు సాగిన ఒక నీడ మాత్రం పాప చెప్పుల దాకా వచ్చి ఆగింది. అమ్మ ముఖం ఎలా ఉండేదో మేఖలకు గుర్తులేదు. గుర్తుందనుకుని ఇన్నేళ్లు తడుముకుంటున్నది నిజంగా అమ్మ ముఖమో, చిన్నప్పటి ఏ టీచరు ముఖమో కూడా తెలియదు. అమ్మతో కలిసి దిగిన ఫోటో ఆమెకు ఒక్కటీ లేదు. ఈ యంత్రం కోసం పాతికేళ్లు ఎందుకు కష్టపడ్డారని అడిగినవాళ్లకు ఆమె చరిత్ర అనీ సంస్కృతి అనీ జవాబులు చెప్పేది. అసలు జవాబు ఇది.

ఆ రోజు పొర పొద్దున్నే విప్పి చూశారు. నాన్న వీపు కనిపించింది. దాని పక్కన రెండు చిన్న జడలు, ఎర్ర రిబ్బన్లు. అంతే.

"పొద్దున్నించి ఏం తినలే మేడం మీరు," అన్నాడు ఇలియాస్. అతను బృందంలో చిన్నవాడు, లేజర్ పని అతనిదే. పుట్టి పెరిగింది రెండు వీధుల అవతలే. "కొద్దిగ చాయన్న తాగండ్రి. గోడ ఏడికి పోతది?"

"రేపు పోతుందిగా ఇలియాస్. మా అమ్మ ఒక్కసారైనా ఆ గోడ పక్కన నిలబడి ఉండదా? వీపైనా చాలు నాకు."

"ఆ సాయంత్రమంత చూసినం గద మేడం. గోడ పక్కన ఇద్దరే ఉన్నరు."

గదిలో గాలి ఆడనట్టనిపించి ఆమె బయటికి వచ్చింది. ఎండ వాలుతోంది. టోకెన్ కోసం ఎదురుచూస్తున్న కొత్త జంట ఒకటి ఆమెను ఆపింది. ఆ అమ్మాయి అరచేతి తెరను ఊడదీసి మేఖల చేతిలో పెట్టింది.

"అమ్మా, మా ఇద్దరిది ఒక్క ఫోటో తీస్తరా? మినార్లు మొత్తం రావాలె."

విసుగ్గానే తీసుకుంది మేఖల. మినార్లు మొత్తం రావాలంటే వెనక్కి జరగాలి. జరిగింది. ఇంకా జరిగింది. లాడ్ బజార్ వీధి మొగ దాకా వచ్చేసింది. గాజుల కొట్ల తళుకు వెనకనుంచి పడుతోంది. తెర ఎత్తి చూస్తే, ఎదురుగా గోడ. ఆ జంట వీపులు గోడకు. చుట్టూ ఫోటోలు దిగుతున్న నూరు మంది వీపులూ గోడకే. గోడకు ముఖం చూపిస్తున్నది తానొక్కతే.

చేతిలోని తెర జారిపోబోయింది. ఫోటో తీసిందో లేదో ఆమెకే తెలియదు. దాన్ని ఆ అమ్మాయి చేతిలో పెట్టేసి గదిలోకి పరుగెత్తింది.

"ఇలియాస్, మనం పదడుగుల అవతల ఉన్నవాళ్లను తీసేస్తున్నాం కదా?"

"తీసేస్తలేం మేడం, ముట్టుకుంటలేం. దూరపు వెలుగు వేరే కోణంల పడ్తది. అదంత ఉత్త రద్దీ అని మీరే వదిలేయమన్నరు."

"అంటే అది ఇంకా గోడలోనే ఉంది."

"ఉంటది. ఎందుకు?"

"ఫోటో తీసే మనిషి ఎక్కడ నిలబడుతుంది?"

రెండేళ్లుగా లక్షల మంది వీపులను చూశారు గానీ, ఫోటో తీసినవాళ్లను వెతుకుదామని ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. ఫోటోలో ఉన్నవాళ్లనే మనుషులనుకున్నారు. మేఖలకు సిగ్గేసింది.

కోణాలు మార్చి లెక్క కట్టడానికి సాయంత్రమైంది. ఎండ అమ్మ వెనకనుంచి పడి ఉంటుంది, ముఖం నీడలో ఉండొచ్చు. అయినా గోడ నుంచి తిరిగి వెళ్లిన వెలుగు ముఖం మీద పడుతుంది, అది చాలన్నాడు ఇలియాస్.

"దూరపు జాడ దొరికింది," అంది నెమరద్దం. దానికి తగ్గు స్వరంలో నిదానంగా మాట్లాడటం నేర్పారు. "ఒక స్త్రీ. ఈ జాడ కొద్ది క్షణాలే నిలుస్తుంది. మళ్లీ చూపించలేను. సిద్ధమేనా?"

"ఒక్క మాట ఇలియాస్," అంది మేఖల. "ఫోన్లు వద్దు. నీదీ వద్దు, నాదీ వద్దు. రోజూ అందరికీ చెప్పే మాట మనమైనా పాటిద్దాం. చూద్దాం, అంతే."

"అట్లనే మేడం."

గాజుపలక మీద వెలుగు పొగలా అల్లుకుని, మెల్లగా కుదురుకుంది. లాడ్ బజార్ మొగ. గాజుల కొట్లు. వాటి ముందు నీలంచీర కట్టుకున్న సన్నటి మనిషి. రెండు చేతులతో పాతకాలపు ఫోను ఎత్తి పట్టుకుంది. ఆ ఫోను సరిగ్గా ముఖానికి అడ్డంగా ఉంది.

మేఖలకు ఏడుపొచ్చింది. మోచేతులు కనిపిస్తున్నాయి, మట్టిగాజులు కనిపిస్తున్నాయి, ముఖం ఉండాల్సిన చోట నల్లటి పలక. "దించమ్మా," అంది పైకే. "ఒక్కసారి దించు."

ఫోను కదిలింది. దిగడం మొదలైంది. నుదురు కనిపించింది, నుదుటిమీద బొట్టు కనిపించింది.

అప్పుడు మేఖలకు ఒకే ఒక్క సంగతి తోచింది. ఇది పోతుంది. మళ్లీ రాదు. అమ్మా నేనూ కలిసి ఉన్న ఫోటో ఈ లోకంలో ఒక్కటీ లేదు. ఆలోచన అక్కడిదాకా వచ్చేలోపే ఒళ్లు తన పని తాను చేసేసింది. గిరుక్కున వెనక్కి తిరిగింది. అరచేయి పైకి లేచింది. తెరలో తన ముఖం కనిపించగానే పెదవులు వాటంతటవే నవ్వాయి. భుజం కొంచెం పక్కకు జరిపి, వెనక ఉన్న వెలుగును తెరలోకి తెచ్చుకోబోయింది. ఒకటి తీసింది, ఇంకొకటి తీసింది.

తిరిగి చూసేసరికి గాజు నల్లగా ఉంది.

మేఖల అరచేయి చూసుకుంది. రెండు ఫోటోలు. రెండింటిలోనూ యాభై మూడేళ్ల మేఖల నోరారా నవ్వుతోంది. ఆమె తల వెనకనుంచి నీలంచీర అంచు ఒకటి బయటికి కనిపిస్తోంది. మిగతాదంతా ఆమె జుట్టే కప్పేసింది.

"ఇలియాస్," అంది. "నువ్వు చూశావు కదా. ఎలా ఉంది?"

ఇలియాస్ గోడవైపు తిరిగి నిలబడి ఉన్నాడు. మెల్లగా ఇటు తిరిగాడు.

"నేను చూడలే మేడం. మీ అమ్మగారు గద. తల్లీబిడ్డలు చానా ఏండ్లకు కలుస్తున్నరు, పరాయోన్ని నడుమ నేనెందుకు చూడాలె అని పక్కకు తిరిగిన." అతను నల్లబడ్డ గాజువైపు చూశాడు. "మీరు చూస్తున్నరనుకున్న మేడం."

మేఖల కుర్చీలో కూలబడింది. బయట వరుసలో ఎవరో చిన్నపిల్ల నవ్వుతోంది, మరమనిషి 'అయిపోయింది, వచ్చేసింది' అంటోంది. ఆమెకు ఎవరిమీదా కోపం రాలేదు. తనమీద కూడా కోపం సరిగా రావడం లేదు. ఏదో పోయింది, అదేమిటో కూడా తను చూడలేదు.

కాసేపటికి తల ఎత్తి గాజుపలకతో అంది. "నువ్వు చూశావా?"

"చూశాను," అంది నెమరద్దం. "దాచలేదు. నాకు అనుమతి లేదు."

"చెప్పడానికి?"

"చెప్పకూడదని చట్టంలో లేదు."

"అయితే చెప్పు."

"ముప్పై ఏళ్ల లోపు మనిషి. కోలముఖం. చెంపకు చెమటతో వెంట్రుకలు అంటుకున్నాయి. ఎడమ కనుబొమ మధ్యలో చిన్న గాటు ఉంది. ఫోటో తీసినవాళ్లు ఫోను దించగానే ఫోటో ఎలా వచ్చిందో అని అందులోకి చూసుకుంటారని నాకు నేర్పారు. ఈమె చూసుకోలేదు. తల ఎత్తి ముందుకు చూసింది. జాడ చెరిగేదాకా అలాగే చూసింది. నవ్వుతోంది."

"చార్మినార్‌ వైపా?"

"కాదు. కింద, పాప వైపు. పెదవులు రెండుసార్లు కదిలాయి. పిలిచినట్టుంది."

ఆ సాయంత్రం గురించి మేఖలకు ఏమీ గుర్తులేదు. ఎర్ర రిబ్బన్లు గుర్తులేవు, అమ్మ గొంతు గుర్తులేదు.

"పాప ఏం చేసింది?"

"పొద్దున విప్పిన పొర చివర్లో తండ్రి చేయి పట్టుకుని తోరణంలోకి పరుగెత్తింది. తల్లి వైపు తిరిగి చూడలేదు," అంది నెమరద్దం. "ఫోటో అయిపోయింది కదా."