ఏడో తలుపుకు కొత్త తోడు

నూకరత్నం చేతి గడియారం విప్పి గడప ఇవతల మేకుకు తగిలించింది. ఫోను, ఉంగరం, చెవిలోని వార్తాపూస మేకు కింద డబ్బాలో వేసింది. గడప అవతలి గదిని మడి అంటారు, మడిలోకి బయటి కాలం రాకూడదు. లోపలి యంత్రానికి ఎప్పుడూ ఒకటే తేదీ, జనవరి ఒకటి. పదకొండు రోజులుగా ఆమె ఆ జనవరి ఒకటినే పని చేస్తోంది.

గదికి కిటికీ లేదు, బయటికి పోయే తీగ లేదు, గాలిలో తిరిగే సంకేతం ఏదీ ఆ గోడ దాటదు. వెనకటి వాళ్ళు మడి కట్టుకుని తోటి మనుషులను దూరం పెట్టేవారట. ఈ కాలపు మడికి మనుషులతో పేచీ లేదు, బయట తయారైన ఒక్క పలుకు లోపలికొస్తేనే మైల.

తెర మీద తొమ్మిదో మెట్టు పూర్తయి ఉంది. మొదటి మెట్టులో ఉన్నవి మూడు వందల పన్నెండు అంకెలు. రెండు నెలలు, ఏ అంకె ఏ ఆజ్ఞో చెప్పే చిప్పు పుస్తకం ముందేసుకుని పెన్సిలుతో రాసి, ఒక్కో అంకె ఎందుకుందో తనకు తానే అప్పజెప్పుకుని, చేత్తో యంత్రంలోకి కొట్టింది. అంకెలను చదివి ప్రోగ్రాముగా మార్చడం తప్ప వాటికి ఇంకో పని చేతకాదు. దానితో కాస్త పెద్దది, దానితో ఇంకాస్త పెద్దది, అలా, మనుషులు రాసిన మూలపాఠాన్ని ప్రోగ్రాముగా మార్చే అనువాదిని దాకా వచ్చింది. నిన్న సాయంత్రం, ప్రోగ్రాములను మూటలుగా కట్టే మూటల మేస్త్రి లేచి నిలబడింది. ఇక ఏ మూలపాఠం ఇచ్చినా, కావలసిన మూటలన్నీ వరసలో తనే కట్టుకుంటుంది, బయట ఎవరినీ చేయి చాచి అడగదు.

"తలుపుల మూట కట్టు" అని ఆజ్ఞ ఇచ్చి నూకరత్నం చేతులు ఒళ్ళో పెట్టుకుంది. నలభై నిమిషాల పని.

ఉప్పాడ కరకట్టకు పన్నెండు తలుపులు. పోటు గీత దాటగానే అవి వాటంతటవే మూసుకోవాలి. వాటి ప్రోగ్రాము, అన్ని స్టేషన్లకూ సరఫరా చేసే భాండాగారం పంపిన అనువాదినితో తయారవుతుంది, మడిలోకి రానిచ్చే బయటి సరుకు అదొక్కటే. మూడు స్టేషన్లు మూడు మడుల్లో విడివిడిగా కడతాయి. మూటలో ఒక్క అంకె మారినా దాని ముద్ర మారిపోతుంది. మూడు ముద్రలూ కలిస్తే మూట మంచిది, కలవకపోతే మైల. ముప్పై ఏళ్ళుగా ముద్రలు కలుస్తూనే ఉన్నాయి.

అయినా పోయిన జ్యేష్ఠంలో తలుపులు నాలుగు నిమిషాలు ఆలస్యంగా మూసుకున్నాయి. ఏడో తలుపు వెనక ఆమె తమ్ముడు బుల్లియ్య ఇల్లు. పెళ్ళాన్నీ పిల్లనూ డాబా ఎక్కించి, పక్కింటి ముసలమ్మ కోసం దిగినవాడు మళ్ళీ రాలేదు. విచారణ సంఘం మూలపాఠం అక్షరం అక్షరం చదివి, ఆలస్యం అందులో ఎక్కడా లేదని తేల్చింది. నీరే వేగంగా వచ్చిందని రాసింది. ఆ వాక్యం చదివిన రోజే నూకరత్నం పెన్సిలు చెక్కింది. ఏడవడానికి తీరిక తరవాత చూసుకోవచ్చు అనుకుంది.

యంత్రం ఆగింది. కొత్త ముద్ర భాండాగారం ముద్రతో కలవలేదు.

కట్టడం ముగిసింది కనక ఇక మైల భయం లేదు, భాండాగారం మూటనూ తెచ్చి రెండింటినీ పక్కపక్కన పరిచి తేడా వెతికింది. ఒక్కచోటే ఉంది. భాండాగారం మూటలో, మూసే ఆజ్ఞకు ముందు, రెండు వందల నలభై సెకన్ల నిరీక్షణ. ఆమె మూటలో అది లేదు. మూలపాఠంలోనూ లేదు.

తేడా నోటుపుస్తకంలో రాసుకుని, మూటను ఒక బిళ్ళలోకి ఎక్కించి బయటికి వచ్చింది. గడియారంలో రెండున్నర. ఇవాళ అమావాస్య, మూడూ పదికి పోటు.

సరిపోలిక అధికారి కామేశం గారు బల్ల మీద రిజిస్టరు తెరుచుకుని కూర్చున్నారు. "ఏమ్మా, కలిసిందా?"

"లేదండి. కలవకపోబట్టే దొరికిందండి." నోటుపుస్తకం చూపించింది. "పాతకాలం మోటార్లు కాలిపోతన్నాయని ఎవరో అనువాదినిలో ఈ ఆగడం పెట్టుంటారండి. కొత్త అనువాదినిని కట్టినప్పుడల్లా పాతది దీన్ని అందులోకి ఎక్కించేత్తంది. రాతలో వెతికితే ఏం కనపడుద్దండి? చిన్న పోట్లకి ఈ నాలుగు నిమిషాలు ఎవరికీ తెలీలేదండి."

"మూడు స్టేషన్లు ముప్పై ఏళ్ళు ఒకే మాట చెప్తుంటే, నువ్వొక్కదానివే వేరే మాట అంటున్నావు."

"ఒకే కుండలో తోడు ముగ్గురూ పట్టుకెళ్ళి, ముగ్గురి పెరుగూ ఒకే రుచని సంబరపడ్డామండి. తోడే పులిసిపోతే?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. చెడ్డవాడు కాదు, నిబంధన దాటి ఎరగనివాడు. "కలవని మూటను పారెయ్యాలి. అది నేను రాసిన రూలు కాదమ్మా. పైకి రాస్తాను, ఆరు నెలల్లో కమిటీ వేస్తారు."

"పోటు ఆరు నెలలు ఆగదండి. ఏడో తలుపు నా డ్యూటీ. ఈ బిళ్ళ దానికి పెడతన్నాను."

"రిపోర్టు రాయాల్సొస్తుంది. ఉద్యోగం పోతుంది."

"రాయండి. ఏ తలుపు ఎన్నింటికి మూసుకుందో టైములు కూడా ఏసి రాయండి."

కట్ట మీద గాలి విసురుగా ఉంది. పడవలు లాగి వచ్చిన జనం అప్పటికే వరసగా నిలబడి ఉన్నారు. జ్యేష్ఠం తరవాత తలుపులను ఎవరూ నమ్మడం లేదు. నూకరత్నం ఏడో తలుపు పెట్టె తెరిచి, పాత బిళ్ళ ఊడదీసి, తనది పెట్టింది. తప్పయితే ఈ తలుపు అసలు మూసుకోకపోవచ్చు. అప్పుడు బుల్లియ్య పెళ్ళాం ఇంట్లోకే మళ్ళీ నీళ్ళు. ఆ సంగతి ఆమెకు తెలుసు. ఒక్కో అంకెను మనసులో మళ్ళీ చదువుకుంది. తనకు తెలియనిది అందులో ఒక్కటీ లేదు. పెట్టె మూత వేసింది.

మూడూ పదికి నీరు గీత దాటింది. ఏడో తలుపు కిర్రుమని కదిలి, దిగి, నేల తాకింది.

మిగతా పదకొండూ కదలలేదు. వాటి కింద నుంచి నీళ్ళు సందుల్లోకి పారాయి, మడమ లోతు, పిక్క లోతు. జనం ఏడో తలుపును చూస్తారు, తరవాత పక్క తలుపును చూస్తారు. మూడూ పద్నాలుగుకు పదకొండు తలుపులూ ఒక్కసారిగా దిగాయి. "నాలుగు నిమిషాలే, అమ్మా! నాలుగు నిమిషాలే!" అని బుల్లియ్య పెళ్ళాం కట్ట మీద కూలబడి ఏడ్చింది. నూకరత్నం ఆమె పక్కన కూర్చుని, ఇన్నాళ్ళూ వాయిదా వేసిన ఏడుపు ఏడ్చింది.

మళ్ళీ గది దగ్గరికి వచ్చేసరికి డబ్బాలో ఫోను మోగుతోంది. భైరవపాలెం మడిలో పనిచేసే మరిడమ్మ.

"వదినా, మీ తలుపు వీడియో ఇక్కడ అందరూ చూశారు. మా అనువాదిని, మా తోడు, పనికిరాదని తేలిపోయింది. మీ ఇంట్లో ఉందంట కదా, కాస్త పెడతావా?"

"పంపిత్తే మళ్ళీ అందరిదీ ఒకే కుండ, నా కుండే అవుద్దే. పెన్సిలు తీసుకో. ఒక్కో అంకె చెప్పి, అది ఏం చేత్తదో చెప్తాను. నన్ను నమ్మకు, పుస్తకంలో చూసుకుని రాసుకో. మూడు వందల పన్నెండూ అయ్యేదాకా ఫోను పెట్టకు."

కామేశం గారు రిజిస్టరులో పన్నెండు తలుపుల టైములు వేసి సంతకం చేశారు. మొదటి అంకె విన్నారు. తరవాత చేతి గడియారం విప్పి మేకుకు తగిలించి, పెన్ను పక్కన పెట్టి, "నాకూ ఒక పెన్సిలు ఇవ్వమ్మా" అన్నారు.