రెండు వేళ్ల ఎడం

కళ్లజోళ్ల దుకాణంలో కంటి పరీక్ష కుర్చీలో కూర్చున్న మరుక్షణమే బావ "అబ్బా!" అంటూ పైకి లేచాడు. కుర్చీ మెత్తలో నిటారుగా ఒక సూది. మొనకి పచ్చటి చుక్క.

కంటి డాక్టరు వేషంలో ఉన్న ఏజెంట్ గుండె జారి తెల్లకోటు జేబులో పడింది. డిపార్ట్‌మెంట్‌లో అతన్ని 'తొందర' అంటారు. లిఫ్ట్ తలుపు తెరుచుకోకముందే అడుగేసి ముక్కు చితక్కొట్టుకునే రకం. ఆ మధ్యాహ్నం అతనికి అప్పగించిన పని ఒక్కటే: విదేశీ ముఠా కోడ్ మొత్తం బుర్రలో మోస్తున్న డీకోడర్‌ని ఈ దుకాణంలో రహస్యంగా కలుసుకుని, ప్రాణాలతో ల్యాబ్‌కి చేర్చడం. ఆ డీకోడర్ సాక్షాత్తూ అక్క మొగుడు కావడంతో పని బరువు రెట్టింపైంది.

సూది గుచ్చుకుందని చెప్పగానే చెవిలోని ఇయర్‌ఫోన్‌లో చీఫ్ గొంతు పలికింది.

"సూది రంగు?"

"పచ్చ, సార్."

"పద్దెనిమిది నిమిషాలు. ముందు నాలుక పోతుంది, తర్వాత ఊపిరి. విరుగుడు మన ల్యాబ్‌లోనే ఉంది. ముప్పై కిలోమీటర్లు. కదులు!"

బయటికొస్తే అతని కారు నాలుగు టైర్లూ గాలి పోయి నేలకి అంటుకుపోయి ఉన్నాయి. పక్కనే తళతళలాడే నల్ల సెడాన్. దానికి ఆనుకుని ముత్యాల మేడమ్. చెవులకి ముత్యాలు, మాటలకి ముసుగులు. డబుల్ ఏజెంట్. ఇటు ఎంత, అటు ఎంత అన్నది ఆమెకే తెలియదు.

"నా బండి తీసుకో. స్పోర్ట్ మోడ్‌లో పెట్టు. గాలి కూడా నిన్ను పట్టుకోలేదు," అని తాళం విసిరి, మోటార్‌సైకిల్ మీద మాయమైంది.

ఎంత తొందరలో ఉన్నా ఒక్క డ్రిల్లు మాత్రం అతను తప్పడు. పరాయి బండి ఎక్కే ముందు, పెన్ను చివరి అద్దంతో దాని కడుపు కింద చూస్తాడు. చూశాడు. చిన్న రేకు డబ్బా, దానికి ఎర్ర బటన్. దాని కింద, చక్రాల ఇరుసుకి బిగించిన ఇనప కడ్డీ. బటన్‌కీ కడ్డీకీ మధ్య సరిగ్గా రెండు వేళ్ల ఎడం.

"పీకేయనా బావా?"

"వైరు చుట్టి లేదూ? పీకితే ఇక్కడే పేలిపోతాం," అన్నాడు అద్దంలోకి తొంగి చూసిన బావ, వెనక సీట్లో కూలబడుతూ. "స్పోర్ట్‌లో పెడితే ఈ బండి పొట్ట రెండు వేళ్లు కిందికి దిగుతుందిరా. గాలి స్ప్రింగులు. మాన్యువల్లో రెండు వందల పన్నెండో పేజీ."

"నీకు కారే లేదుగా!"

"అందుకే చదవడానికి టైం దొరికింది."

తొందరకి విషయం అర్థమైంది. ఏ బండెక్కినా నేరుగా స్పోర్టే నొక్కుతాడని ముఠా దగ్గరున్న అతని ఫైల్లో రాసి ఉంటుంది. సూది తప్పినా అలవాటు తప్పదని వాళ్ల ధీమా. ఇవాళ మోడ్ తప్పితే మిగిలేది మోడే.

భయంతో పెట్రోలు పొదుపు చేసే ఎకో మోడ్‌లో పెట్టాడు. పెడల్ తొక్కితే బండి కాసేపు ఆలోచించి, కమిటీ వేసి, తీర్మానం చేసి అప్పుడు కదిలింది. ఎకో కాదు, ఎక్కడికో!

"కంఫర్ట్‌కి మార్చు," అన్నాడు బావ. "గుంటలొస్తే మెల్లగా. మీ అక్కకి చెప్పు... వాషింగ్ మెషీన్ ఎప్పుడూ డెలికేట్‌లో పెట్టొద్దని..."

"నువ్వే చెప్పుకో బావా! చచ్చే మాటలు మాట్లాడకు!"

హైవే ఎక్కారు. మిగిలింది పద్నాలుగు కిలోమీటర్లు, ఆరు నిమిషాలు. స్పీడు ముల్లు నూట పది, నూట పదిహేను.

"నూట ఇరవై దా... దాటితే కంఫర్ట్‌లో కూడా..."

"కంఫర్ట్‌లో కూడా ఏంటి? బావా!"

బావ నాలుక మడత పడిపోయింది. ముల్లు నూట ఇరవై ఒకటి తాకింది. తెర మీద బుల్లి కారు బొమ్మ, దాని కింద కిందికి చూసే బాణం. తొందర కాలు ఎగిరి పెడల్ మీంచి లేచింది. బాణం ఆరిపోయింది.

వేగం పెంచితే ఇద్దరూ. తగ్గిస్తే బావ. అక్కకి ఏ మొహం చూపించాలి?

అద్దంలో బావ పిచ్చిగా చేతులూపుతున్నాడు. ముందు ఐదు వేళ్లు చూపించి, చిటికెన వేలు పట్టుకున్నాడు. ఐదోది. తర్వాత కాలితో నేలని తన్నాడు. చివరికి అరచేయి పైకెత్తాడు. తొక్కు, కానీ ఎత్తు!

తొందర ఐదో మోడ్ నొక్కాడు. ఇండివిడ్యువల్. ఎవరి మోడ్ వాళ్లదే. తెర మీద మూడు లైన్లు. వేలు మొదటిదాని మీదికి దూకబోయింది. ఆపాడు. జీవితంలో మొదటిసారి పైనుంచి కిందిదాకా చదివాడు. ఇంజిన్: స్పోర్ట్. స్టీరింగ్: స్పోర్ట్. బాడీ ఎత్తు: హై.

కారు పొట్ట బిగబట్టుకుని పైకి లేచింది. ఒంటె కాళ్లమీద చిరుతపులి! నూట అరవై దగ్గర బండి ఇటూ అటూ ఊగుతుంటే బావ తల కిటికీకి టకటకా కొట్టుకుంది.

ల్యాబ్ గేటు దగ్గరికొచ్చేసరికి బావ పెదాలు నీలం. పదకొండు సెకన్లుండగా డాక్టర్ విరుగుడు సూది గుచ్చాడు. పేలుడు చప్పుడు కోసం దారి పొడుగునా వెనకే వచ్చిన ముత్యాల మేడమ్ మోటార్‌సైకిల్ ఆపి, నోరు తెరిచి నిలబడింది.

"స్పోర్ట్‌లో... పెట్టలేదా?"

"సగం పెట్టాం మేడమ్," అన్నాడు తొందర, ఆమె చేతులకి బేడీలేస్తూ.

గంట తర్వాత బావ కళ్లు తెరిచి, కాగితం అడిగి, ముఠా కోడ్ మొత్తం రాశాడు. అడుగున ఇంకో లైను: "హ్యాండ్‌బ్రేక్ వేశావా?"

తొందర అక్కకి ఫోన్ చేశాడు. అక్క వెక్కి వెక్కి ఏడ్చింది.

"గండం గడిచిందే అక్కా. నాలుక మాత్రం వారం దాకా తిరగదట."

ఏడుపు ఆగింది.

"అస్సలు మాట్లాడరా? వాషింగ్ మెషీన్ గురించి కూడా?"

"ఒక్క ముక్క కూడా."

అవతల ముక్కు చీదిన చప్పుడు.

"వారమేనట్రా?" అంది అక్క.